రాత్రి ఏడ పండుకున్నవ్, పెద్దయ్యా?

"మాది శంషాబాద్. బస్సుస్టాపుకి దగ్గర్లో మాకు చిన్న టీ, టిఫిను దుకాణం ఉంది. మూడు నెలలనుంచి ఒక పెద్దమనిషి రాత్రిళ్ళు మా షట్టరు ముందు పడుకుంటున్నాడు. అరవై ఏళ్ళుంటాయేమో. కుడి పాదం మీద పుండు, దానికో గుడ్డ చుట్టుకుంటాడు. నెల రోజులనుంచి దగ్గు. చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఏవో గోలీలు. పిల్లలున్న ఇల్లు, దగ్గు అంటుకుంటుంది, పంపించెయ్యమని మా అత్తగారు పోరుతున్నారు. మావారు రోజూ పది రూపాయలిచ్చి ఊరుకుంటారు. 'నీదే ఊరు, నీకెవరూ లేరా?' అని నేను రెండుసార్లు అడిగాను. మొహం తిప్పుకున్నాడు. మూడోసారి అడిగితే రెండు రోజులపాటు ఇటు రానేలేదు. ఆ దగ్గు మాకు అంటుతుందా? ఆయనకి మేం ఏమైనా చెయ్యగలమా?" - ఒక సోదరి, శంషాబాద్.

అమ్మా, మీ ఉత్తరంలో భయం కొంత, దయ కొంత ఉన్నాయి. భయం సంగతి ముందు తేల్చేద్దాం.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్ళె పరీక్ష చేయించాలి. మీవారికున్నా, నాకున్నా అంతే. ఆయనది క్షయే అని చూడకుండా చెప్పటానికి లేదు. లారీల పొగ, బీడీలు, రాత్రి చలి, ఆస్తమా ఇలా దగ్గుకి కారణాలు బోలెడు. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గటం, కళ్ళెలో రక్తపు చార కూడా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. ఒకవేళ క్షయే అనుకుందాం. ఆ క్రిమి గాలి ఆడని గదిలో గంటలతరబడి, రోజులతరబడి రోగితో కలిసి ఉండేవారికి అంటుకుంటుంది. షట్టరు బయట ఆరుబయట పడుకునే మనిషినుంచి, పక్కగా నడిచిపోయే మీ పిల్లలకి అంటే ప్రమాదం చాలా తక్కువ. టీ గ్లాసువల్ల అంటదు. చేతినుంచి డబ్బు పుచ్చుకుంటే అంటదు. ఆయనకి వేరే గ్లాసు పెట్టి ఉంటే తీసెయ్యండి, అందరి గ్లాసులాగే సబ్బుతో కడిగితే చాలు. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే రోగం అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. కనక మీ అత్తగారితో ఇలా చెప్పండి: ఆయన్ని తరిమేస్తే దగ్గు ఇంకో షట్టరు దగ్గరికి పోతుందేగాని ఊళ్ళోంచి పోదు. పిల్లలమీద బెంగ ఉంటే ఆయనకి పరీక్ష చేయించటమే మందు.

ఇక రెండో ప్రశ్న. దాన్ని గురించే నాలుగు మాటలు ఎక్కువగా చెప్పాలి.

"నీదే ఊరు, నీకెవరూ లేరా?" అని మీరు అడిగారు. పదిమందిలో తొమ్మిదిమంది అదే అడుగుతారు లెండి. కాని ఇల్లు వదిలిన మనిషికి ఆ ప్రశ్న పుండు మీద వేలు పెట్టినట్టుంటుంది. కొడుకు కాదన్నాడనీ, అప్పులవాళ్ళకి మొహం చూపించలేక వచ్చేశాననీ, భార్య పోయాక ఆ ఇంట్లో ఉండలేకపోయాననీ టీకొట్టు ముందు నలుగురిలో ఎవరు చెప్పుకుంటారు? పైగా ఆ రోజు ఆ ప్రశ్న అడిగినవారిలో మీరు నాలుగోవారో అయిదోవారో! వాళ్ళంతా కథ విని, అయ్యో పాపం అని వెళ్ళిపోయినవాళ్ళే.

గతం వదిలెయ్యండి. నిన్న రాత్రి సంగతి అడగండి.

"రాత్రి ఏడ పండుకున్నవ్, పెద్దయ్యా? వాన జల్లు కొట్టలే?"

"గీడనే అమ్మా. జల్లు కొడితే ఆ మూలకు జరిగిన."

"దోమలు?"

"దోమలకేం తక్కువ లేదు తల్లీ."

ఇంతే. మొదటి రోజుకి ఇది చాలు. మర్నాడు అదే వేళకి మళ్ళీ రెండు మాటలు. ఇందులో పరువు తీసే మాట లేదు, జాలి చూపించే మాట లేదు. ఇరుగుపొరుగువాళ్ళు మాట్లాడుకునే మాటలే. 'మీరు' అనాలా 'నువ్వు' అనాలా అని తర్జనభర్జన పడనక్కర్లేదు. మీ ప్రాంతంలో వరస పెట్టి పిలవటమే మర్యాద. పెద్దయ్యా, కాకా, చాచా, అవ్వా, ఏది వయసుకి తగితే అది. నిలబడి కిందకి చూస్తూ మాట్లాడకండి. మెట్టుమీదో స్టూలుమీదో కూర్చోండి. పడుకున్న మనిషిని లేపి మాట్లాడకండి. సెల్‌ఫోనుతో ఫోటో తియ్యకండి. ఈ రోజుల్లో దయ చూపించేముందు ఫోటో తియ్యటం ఒక జబ్బుగా తయారైంది. దానికి నా దగ్గర మందు లేదు.

నిన్న రాత్రి గురించి అడగమనటానికి అది మర్యాదగా ఉంటుందన్నది ఒక్కటే కారణం కాదు. ఇల్లులేని మనిషి రోగం సగం ఆయన రోజు గడిచే తీరులోనే ఉంటుంది. "మూడు పూటలా భోజనం తర్వాత వేసుకో, కాలు తడవనివ్వకు, విశ్రాంతి తీసుకో" అని చీటీ రాసి పంపిస్తే, మూడు పూటలు లేవు, తడవని చోటు లేదు, విశ్రాంతి అంతకన్నా లేదు. చీటీ అలాగే ప్లాస్టిక్ కవరులో ఉండిపోతుంది.

నిద్ర సంగతే చూడండి. మీ దుకాణం రాత్రి పదకొండుకి మూస్తారనుకుందాం. టిఫిన్ల కోసం మళ్ళీ తెల్లవారుజామున నాలుగున్నరకి షట్టరు తీస్తారు. అంటే ఆయనకి మీరిచ్చే పడకటిల్లు అయిదున్నర గంటలది! 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చాక మీ ఊరికి రాత్రనేది లేకుండా పోయింది. తెల్లవార్లూ టాక్సీలు, బెంగుళూరు రోడ్డు మీద లారీలు, వీధిదీపాల వెలుగు, కుక్కలు, దోమలు, గస్తీ పోలీసు లాఠీ చప్పుడు. గల్ఫుకి వెళ్ళే కొడుకుని సాగనంపటానికి కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో వచ్చి, విమానాశ్రయం బయట దుప్పటి పరుచుకుని ఒక్క రాత్రి గడిపిన తల్లిదండ్రుల్ని అడిగి చూడండి, ఎంతసేపు నిద్రపట్టిందో. ఒక్క రాత్రికే మర్నాడు తలపోటు, చిరాకు. అలాంటి రాత్రులు మూడు నెలలైతే? రక్తపోటు పెరుగుతుంది, పుండ్లు మానటం ఆలస్యమవుతుంది, మతిమరుపు వస్తుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. పగలు బస్సుస్టాపు బెంచీ మీద పడి నిద్రపోతూంటే "ఒళ్ళొంచి పని చెయ్యని సోమరి" అనేస్తారు దారినపోయేవాళ్ళు. ఆయన రాత్రి బాకీ తీర్చుకుంటున్నాడంతే.

తర్వాత తిండి. "తిన్నవా?" అని అడిగితే తిన్న అంటారు. నిన్న మధ్యాహ్నం తిన్నా సరే, అలాగే అంటారు. "పొద్దటినుంచి ఏం తిన్నవ్?" అని అడగాలి. రోడ్డుమీద పడుకునే అందరూ బిచ్చమెత్తేవాళ్ళు కారు సుమా. లోడింగు పనివాళ్ళు, అడ్డామీద కూలీలు, చిత్తు ఏరుకునేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళు వీళ్ళలో ఎక్కువ. మీ శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షను హాళ్ళు బోలెడు కదా. పెళ్ళిళ్ళ రోజుల్లో వంటవాళ్ళ వెంట వెళ్ళినవాడికి కడుపునిండా భోజనం, చేతిలో కాస్త డబ్బు. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా రెండూ బంద్. ఆ నెలల్లో నీరసం, కళ్ళు తిరగటం ఎక్కువవుతాయి. పంచాంగం చూసి రోగం చెప్పవచ్చునని నేను హాస్యానికి అనటం లేదు.

ఇప్పుడు మీరు రాసిన ఆ ప్లాస్టిక్ కవరు దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది దగ్గు కాదు, ఆ కవరూ, పాదం మీద పుండూ కలిసి ఉండటం. అరవై ఏళ్ళ మనిషికి మానని పుండు, చేతిలో మాత్రలు అంటే మధుమేహం కావచ్చు, అదే మనం షుగరు అంటాం. అయితే అందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకుని తిండి తినకపోతే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. ఒళ్ళు చెమటలు పడుతుంది, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, నడక తూలుతుంది. చూసేవాళ్ళు ఏమంటారు? "పొద్దున్నే తాగొచ్చాడు" అంటారు. పక్కకి తప్పుకుని పోతారు. ఇంట్లో ఉన్న రోగికి కోడలు పంచదార నీళ్ళు ఇస్తుంది. రోడ్డు మీద ఉన్నవాడికి అది ఇచ్చేవాళ్ళు లేక, బతకవలసిన మనిషి బతక్కపోవచ్చు.

అందుకని గుర్తుంచుకోండి. తూలుతున్న మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. టీకొట్టులో పంచదారకి కొదవ లేదుగా! పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక తిండి పెట్టి, ఆ రోజే ఆస్పత్రిలో చూపించండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. తాగినవాసన వచ్చినా సరే చెయ్యండి. తాగినవాడికి తలకి దెబ్బ తగలకూడదని, ఫిట్సు రాకూడదని, వడదెబ్బ కొట్టకూడదని నియమం లేదు.

తాగుడు మాట వచ్చింది కనక ఒక సంగతి. "తాగుడు మానితేనే టీ ఇస్తా" అని కొందరు మంచివాళ్ళు పంతం పడతారు. ఏళ్ళతరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే, రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్సు, లేనివి ఉన్నట్టు కనబడటం మొదలై ప్రాణంమీదికి రావచ్చు. ఆ మానిపించటం ఆస్పత్రిలో జరగాలి. చలికి తాగుతున్నానంటాడు. తాగితే వేడిగా అనిపించేమాట నిజమే, కాని చర్మం కింద రక్తనాళాలు వెడల్పై ఒంట్లోని వేడి బయటికి పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మీ వైపు ఖాళీ నేలల మీద చలి నగరంలోకన్నా ఎక్కువ. ఒక దుప్పటి, కింద అట్టముక్కలు రెండు వేస్తే నయం. నేలలోంచి వచ్చే చలే ఎక్కువ బాధపెడుతుంది.

పాదం పుండు గురించి. "నొప్పి ఉన్నదా?" అని అడగండి. ఉంది అంటే ఒక రకంగా మంచిదే. లేదంటేనే జాగ్రత్తపడాలి. షుగరువల్ల పాదాలకి స్పర్శ పోతే మేకు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు జారిపోయినా తెలియదు. పుండు మీద పసుపు, కాఫీపొడి, సున్నం, ఆకు పసరు, బూడిద ఏవీ వెయ్యనివ్వకండి. శుభ్రమైన నీళ్ళధార కింద కడిగి, చుట్టూ సబ్బుతో శుభ్రం చేసి, ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ కట్టాలి. రోజూ మార్చాలి. పురుగులు పడితే అసహ్యించుకోకండి, కిరసనాయిలు, పెట్రోలు పొయ్యకండి. ఆస్పత్రిలో వాటిని తీసేస్తారు. వేలు నల్లబడినా, చెడు వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా ఆ రోజే తీసుకువెళ్ళాలి. రేపు అంటే వేలితో పొయ్యేది కాలిదాకా వస్తుంది. మీవారు ఇచ్చే పది రూపాయలు కూడబెట్టి, వెనక పట్టీ ఉండి వేళ్ళు కప్పే చెప్పులజత ఒకటి కొనిపెట్టమనండి.

ఇక మీరు చెయ్యగల అన్నిటికన్నా పెద్ద పని ఒకటుంది. దానికి డబ్బు ఖర్చు లేదు. ఇల్లులేనివాళ్ళ మందులు వానకి తడుస్తాయి, నిద్రలో ఎవరో ఎత్తుకుపోతారు, ఎండకి పాడవుతాయి. మీ దుకాణంలో పంచదార డబ్బా పక్కన ఇంకో డబ్బా పెట్టండి. ఆయన మాత్రలన్నీ అందులో. పొద్దున టీతోపాటు ఆ రోజు మాత్ర. క్షయకి మామూలుగా ఆరు నెలలు మందులు వాడాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రోగి మందు మింగుతున్నాడో లేదో చూసే మనిషి ఇంటివాడే కానక్కర్లేదు, పొరుగువారెవరైనా ఉండవచ్చు. టీకొట్టు యజమానురాలు అందుకు భేషుగ్గా పనికొస్తుంది. క్షయ రోగికి పౌష్టికాహారం కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. అది బాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా, గుర్తింపు కార్డు లేనివాళ్ళ దగ్గరే చిక్కు. కాగితాలు తెచ్చుకునేదాకా మందులు మాత్రం ఆపించకండి.

చిరునామా అడిగితే ఏం చెప్పాలి అంటారేమో. మీ దుకాణం పేరు చెప్పండి. మెహదీపట్నంనుంచి ఆరాంఘర్‌దాకా 2009లో తెరిచిన పి.వి. ఎక్స్‌ప్రెస్ వే కింద స్తంభాలకి నంబర్లున్నాయి. ఆ దారిలో పెద్ద పెద్ద షాపులవాళ్ళే ఫలానా పిల్లరు నంబరు ఎదురుగా అని చిరునామా చెప్పుకుంటారు. దాని కింద పడుకునేవాడికీ అదే చిరునామా. 108కి ఫోను చేసేటప్పుడు "బ్రిడ్జి కింద ఎవరో" అనకుండా పిల్లరు నంబరు చెబితే బండి నేరుగా వస్తుంది.

"మా మాటలకే పారిపోయాడు, ఆస్పత్రికి వస్తాడా?" అని మీకు అనిపించవచ్చు. అతని బెదురుకి కారణం ఉండవచ్చు. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకి విదేశీ అతిథులు వస్తున్నారని హైదరాబాదులో బిచ్చమెత్తటాన్ని రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. రోడ్లమీద ఉన్నవాళ్ళని బండ్లలో ఎక్కించి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని కేంద్రాలకి తరలించారు. అక్కడ తిండీ బట్టా ఇచ్చారు, నిజమే. కాని జైలు గోడలోపల ఇచ్చిన దుప్పటి ఎంత మెత్తగా ఉన్నా మనిషికి నిద్రపట్టదు. అలాంటిది చూసినవాడు, విన్నవాడు కాగితం కలం పట్టుకుని ఊరూ పేరూ అడిగేవాళ్ళని చూస్తే చోటు మారుస్తాడు. రోగులు చోటు మారిస్తే వైద్యం తెగిపోతుంది. కనక ముందే చెప్పెయ్యండి: "నేను ఎవరికీ చెప్ప పెద్దయ్యా, నువ్వు ఎక్కడికీ పోవద్దు, దవాఖానాకు పోయి మల్ల ఈడికే వద్దాం." ఆ చివరి మాట ముఖ్యం. మళ్ళీ ఇక్కడికే వస్తామంటేనే కదులుతాడు. ఆ మాట నిలబెట్టుకోండి.

రాత్రి ఆశ్రయాల సంగతి కూడా చెప్పాలి. నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఇరవైనాలుగు గంటలూ, ఏడాది పొడుగునా ఆశ్రయాలు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. హైదరాబాదులో కొన్ని ఉన్నాయి, చాలినన్ని లేవు. ఉన్నవాటిలోకి కొందరు వెళ్ళరు. మూట ఎక్కడ పెట్టాలి, భార్యాభర్తల్ని విడదీస్తారా, పొద్దున్నే అడ్డాకి ఎలా చేరాలి అని వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. మీ పెద్దయ్యని నగరంలో ఆశ్రయానికి పంపితే కప్పు దొరుకుతుంది, తెలిసిన టీకొట్టు పోతుంది. ఏది కావాలో ఆయన్నే అడగండి.

ఇదే విషయంమీద వచ్చిన మరి రెండు ఉత్తరాలకి ఇక్కడే జవాబు చెబుతాను.

మెహదీపట్నం సోదరి: "మా వీధి మలుపులో ఉండే ఒకామె ఎంత ఎండలోనూ మంచినీళ్ళిస్తే వద్దంటోంది. మూత్రంలో మంట అంటోంది. మతి సరిగా లేదేమో?"

మతి సరిగానే ఉందమ్మా. నీళ్ళు తాగితే మూత్రానికి వెళ్ళాలి. వెళ్ళటానికి చోటు లేదు. చీకటి పడేదాకా ఉగ్గబట్టుకోవటానికి నీళ్ళు మానేసింది. రోడ్డుమీద బతికే ఆడవాళ్ళలో చాలామంది పడే పాట్లు ఇవి. మూత్రంలో మంట, జ్వరం, నడుంనొప్పి, తర్వాత రాళ్ళు. ఆమెకి ముందు కావలసింది నీళ్ళు కాదు, మీ ఇంటి వెనక దొడ్డి తలుపు రోజుకి రెండుసార్లు తెరవటం. మగవాళ్ళు లేనివేళ చూసి అడగండి. బహిష్టు రోజులకి ఉతికిన గుడ్డలు, సబ్బు, ఆరేసుకోవటానికి ఒక తీగ ఇవ్వండి. ఆమె రాత్రిళ్ళు మేలుకుని పగలు పడుకుంటూ ఉంటుంది. అదీ మతి లేక కాదు, రాత్రి భయంవల్ల. మంట రెండు రోజుల్లో తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, గర్భిణీ అయినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. నిజంగానే మతి తప్పి, తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవాళ్ళు కనబడితే రాళ్ళు వేసే పిల్లల్ని ముందు ఆపండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యకేంద్రంలో పరీక్షకి చేర్చటం పోలీసుల బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు.

ఆరాంఘర్ పాఠకుడు: "ఏటా చలికాలంలో మా కాలనీ కుర్రాళ్ళం దుప్పట్లు పంచుతాం. ఈసారి చాలామందికి ఒంటినిండా దురద కనిపించింది. దుప్పట్లవల్ల అంటుకుంటుందని పంచటం మానెయ్యమంటున్నారు."

మానకండి. వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ, రాత్రిళ్ళు ఎక్కువయ్యే దురద గజ్జి కావచ్చు. ఆస్పత్రిలో ఇచ్చే పూతమందు మెడనుంచి అరికాళ్ళదాకా రాసుకుని, చెప్పినంతసేపు ఉంచి స్నానం చెయ్యాలి. పక్కపక్కన పడుకునేవాళ్ళందరూ ఒకే రోజు రాసుకోవాలి. వారం తర్వాత మరోసారి. అయినా మళ్ళీ వస్తోందంటే సాధారణంగా వాళ్ళకి ఉన్నది ఒకే జత బట్టలు కావటంవల్ల. ఆ పురుగు మనిషి ఒంటిని వదిలి రెండు మూడు రోజులకి మించి బతకలేదు. అందుకని ఈసారి దుప్పటితోపాటు ఒక జత బట్టలు, మూతి బిగించే ప్లాస్టిక్ సంచీ ఒకటి ఇవ్వండి. మందు రాసుకున్న రోజు పాత బట్టలు, పాత దుప్పటి ఆ సంచీలో కట్టి వారం రోజులు విప్పకుండా ఉంచి, తర్వాత ఉతికి ఎండలో వేసి కట్టుకోమనండి. ఆ వారం సంచీ దాచటానికి దగ్గర్లో ఎవరి దుకాణంలోనైనా చోటు అడిగిపెట్టండి. రోడ్డుమీద వదిలేస్తే పొద్దున్నే చెత్తబండిలో పోతుంది.